ఓడెక్కాక వచ్చిన లైసెన్సు చెల్లదు

ఈమధ్య నా బల్ల మీదికి పాత పడవల ఫైళ్లు వరసగా వస్తున్నాయి. మర్చంట్ నేవీలో చేసి రిటైరైనవాళ్లు, గల్ఫ్ నుంచి తిరిగొచ్చినవాళ్లు, భీమిలి వైపు రిసార్టు కడుతున్న ఒక కాంట్రాక్టరు. ఊళ్లు వేరైనా కథ మాత్రం ఒకటే. థాయిలాండ్‌లోనో శ్రీలంకలోనో దుబాయ్‌లోనో ఎవరో వ్యక్తి వాడుకున్న పడవ బేరమాడి కొన్నారు, డబ్బు పంపారు, పడవను ఓడెక్కించారు. వకీలు ఉన్నాడన్న సంగతి ఆ తర్వాతే గుర్తొచ్చింది.

సుంకం ఎంత పడుతుందని అందరూ ముందే వాకబు చేస్తారు. తెచ్చుకోవడానికి అనుమతి ఉందా అని ఎవరూ అడగరు. మన విదేశీ వాణిజ్య విధానం 2023లో పేరా 2.31 అని ఒకటుంది. వాడిన వస్తువులను అది రెండుగా విడదీస్తుంది. ఉత్పత్తికో సేవలకో పనికొచ్చే యంత్రాలు, పరికరాలు ఒక వైపు. వాటిలో కంప్యూటర్లలాంటి కొన్నిటిని మినహాయిస్తే మిగతావి స్వేచ్ఛగా తెచ్చుకోవచ్చు. అవి కాని వాడిన వస్తువులన్నీ రెండో వైపు, అంటే నియంత్రిత జాబితాలో ఉంటాయి. వాటికి డీజీఎఫ్‌టీ, అంటే విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ జనరల్, ఇచ్చే లైసెన్సు కావాలి. ఆదివారం పూట సముద్రంలో తిరగడానికి కొన్న పాత పడవ ఈ రెండో వైపే పడుతుంది. అదే పడవ కొత్తదైతే ఈ లైసెన్సు గొడవ ఉండదు. పాతదైతే చవకని కొన్నవాడికి ఇది మింగుడుపడదు.

ఇక్కడే క్లియరింగ్ ఏజెంట్లు కొంప ముంచుతున్నారు. సొంత వాడకానికి తెచ్చుకునే వస్తువుకు ఎగుమతి దిగుమతి కోడు అక్కర్లేదు, అది నిజమే. దాన్ని పట్టుకుని ‘సొంతానికే కదా సార్, ఏ కాగితమూ అక్కర్లేదు’ అనేస్తారు. కోడు మినహాయింపు మనిషికి. లైసెన్సు వస్తువుకు. కోడు లేకపోయినా పరవాలేదు, లైసెన్సు లేకపోతే పడవ పోతుంది.

ఆ లైసెన్సు ఎప్పుడు తీసుకోవాలన్నది ఇంకా ముఖ్యం. పడవ మన రేవుకు చేరిన రోజును ఎవరూ చూడరు, బిల్ ఆఫ్ లేడింగ్ మీది తేదీనే చూస్తారు. పడవను అక్కడ ఓడెక్కించిన రోజుకు మీ చేతిలో లైసెన్సు ఉండాలి. దరఖాస్తు పెట్టిన రసీదు లైసెన్సు కాదు. ‘వస్తుందట, ఢిల్లీలో ఫైలు కదులుతోందట’ అన్నదీ లైసెన్సు కాదు. ఓడెక్కాక వచ్చిన లైసెన్సు ఆ పడవకు పనికిరాదు.

నిరుడు వచ్చిన ఒక రిటైర్డ్ చీఫ్ ఇంజినీరు గారి కేసు వినండి. జీవితమంతా ఓడల మీదే గడిపిన మనిషి, కాగితాల విలువ తెలియనివాడు కాదు. ఫుకెట్‌లో ఒక ఐరోపా దంపతుల దగ్గర తెరచాప పడవ కొన్నారు. మంచి పడవే. ఏజెంటు మాట మీద ఓడెక్కించేశారు. పడవ సముద్రం మీద ఉండగా ఎవరో మిత్రుడు చెబితే లైసెన్సుకు దరఖాస్తు పెట్టారు. ‘లాయరు గారూ, నేను దాచిందేమీ లేదు కదండీ, దరఖాస్తు నంబరు కూడా ఉంది’ అని నాతో వాదించారు. ఆయన నిజాయితీ మీద నాకు అనుమానం లేదు. అయినా చట్టం ముందు అది నిలవదు. అడిగితే జరిమానా కొంత తగ్గుతుంది, అంతే.

కస్టమ్స్ వాళ్ల తీరు కూడా చెప్పాలి. లైసెన్సు లేదన్న సంగతి మొదటి రోజే ఫైలు తిరగేస్తే కనిపిస్తుంది. ఆయన కేసులో ఆ ముక్క చెప్పడానికి బదులు చార్టర్డ్ ఇంజినీరు సర్టిఫికెట్ తెమ్మన్నారు. తెస్తే, ఇంజన్ ఎన్ని గంటలు నడిచిందో ఇంకో నివేదిక అడిగారు. ఈలోగా అధికారి బదిలీ, కొత్తాయనకు మళ్లీ మొదటి నుంచి. యార్డులో అద్దె మాత్రం రోజురోజుకూ ఎక్కింది. చివరికి వచ్చిన షోకాజ్ నోటీసులో ఉన్నది ఒక్క లైసెన్సు సంగతే.

కస్టమ్స్ చట్టం 1962లో సెక్షన్ 111(డి) ప్రకారం అలాంటి సరుకును జప్తు చేయవచ్చు. సెక్షన్ 112 కింద సరుకు విలువ దాకా పెనాల్టీ వేయవచ్చు. సెక్షన్ 125 కింద విమోచన జరిమానా కట్టించుకుని వదిలే వీలూ ఉంది. జనం ఈ చివరి ముక్కనే పట్టుకుని ‘ఫైన్ కట్టి తెచ్చుకుంటాం’ అంటారు. నిషిద్ధ సరుకు విషయంలో వదలాలా వద్దా అన్నది అధికారి ఇష్టం. లైసెన్సు షరతు తీరని సరుకు కూడా నిషిద్ధమేనని సుప్రీంకోర్టు 2003లో ఓంప్రకాశ్ భాటియా కేసులో చెప్పింది. 2021లో రాజ్ గ్రో ఇంపెక్స్ కేసులో, పరిమితి మించి తెచ్చిన పప్పుదినుసులను పూర్తిగా జప్తు చేయడమే సరైనదని తేల్చింది. ఆ తీర్పు వచ్చాక నేను ఎవరికీ హామీ ఇవ్వడం లేదు.

ఇంకొందరు తెలివి చూపిస్తారు. ‘టూరిజం వ్యాపారానికని రాసేద్దాం, యంత్రపరికరం అయిపోతుంది’ అంటాడు ఏజెంటు. నిజంగా వ్యాపారం ఉంటే రాయండి, అది మీ హక్కు. లేనిది రాస్తే సెక్షన్ 114ఏఏ ఉంది, అబద్ధపు కాగితానికి విలువకు ఐదు రెట్ల దాకా పెనాల్టీ. పైగా 2019లో కచ్చులూరు దగ్గర గోదావరిలో పడవ మునిగాక, ప్రయాణికులను ఎక్కించే పడవ అనగానే వంద ప్రశ్నలు వేస్తున్నారు. వేయాలి కూడా.

పన్ను వర్గీకరణలోనూ ఇదే తంతు. ప్రయాణికుల ఓడలు 8901 శీర్షిక కింద వస్తాయి, జీఎస్టీ 5 శాతం. విలాస పడవలు 8903 కింద, 2025 సెప్టెంబరు 22 నుంచి 40 శాతం. అదీ పడవ ధర ఒక్కదాని మీదే కాదు, రవాణా, బీమా, ఆపైన కస్టమ్స్ సుంకం కలిపిన మొత్తం మీద. ఇంత తేడా ఉంటే చెయ్యి ఊరుకోదు. అధికారుల చూపు కూడా సరిగ్గా అక్కడే ఉంటుంది. బిల్లులో ధర తగ్గించి రాయించుకోవడమూ ఇలాంటిదే. అమ్మినవాడితో నడిపిన వాట్సాప్ బేరం మీ ఫోన్‌లోనే ఉంది. దుబాయ్‌లో బావమరిది చేత కట్టించిన సొమ్ముకు లెక్క చెప్పాల్సి వస్తే ఫెమా, అంటే విదేశీ మారకద్రవ్య నిర్వహణ చట్టం, కూడా మెడకు చుట్టుకుంటుంది.

‘పడవ ఓడెక్కలేదండీ, నేనే నడుపుకుంటూ వచ్చాను, ఇది దిగుమతి ఎలా అవుతుంది’ అని ఒకాయన అడిగాడు. కస్టమ్స్ చట్టంలో భారతదేశమంటే ఒడ్డు ఒక్కటే కాదు, ప్రాదేశిక జలాలు కూడా. శాశ్వతంగా ఉంచుకోవడానికి తెచ్చిన పడవ 12 నాటికల్ మైళ్ల గీత దాటి లోపలికి వస్తే అది దిగుమతే.

వ్యక్తి దగ్గర కొనేటప్పుడు హక్కుల సంగతి కూడా చూసుకోండి. అక్కడి రిజిస్టరు నకలు తీయించండి, తనఖా ఉంటే అందులో కనబడుతుంది. పేరు తొలగించినట్టు అక్కడి రిజిస్ట్రీ ఇచ్చే డిలీషన్ సర్టిఫికెట్ లేకుండా డబ్బంతా పంపకండి. అది లేకపోతే ఇక్కడ రిజిస్ట్రేషన్ దగ్గర ఆగిపోతారు. సిబ్బంది జీతం బాకీ, రేవు బకాయిలు మాత్రం రిజిస్టరులో కనబడవు. మన అడ్మిరాల్టీ చట్టం 2017, సెక్షన్ 9 ప్రకారం అలాంటి బాకీలు యజమాని మారినా, జెండా మారినా పడవనే అంటుకుని ఉంటాయి. జీతాలవి రెండేళ్లు, మిగతావి ఏడాది. అమ్మినవాడి చేత బాకీల్లేవని రాయించుకోండి, కొంత సొమ్ము ఆపుకోండి.

ఓడెక్కించనివాళ్లు ఈ పూటే ఆపండి. అమ్మినవాడు తొందరపెడితే అక్కడి మెరీనాలో అద్దె కట్టి ఉంచండి, ఇక్కడ జరిమానాతో పోలిస్తే అదెంత! ఇప్పటికే రేవుకు చేరినవాళ్లు సెక్షన్ 49 కింద గోదాములో పెట్టుకోవడానికి లిఖితపూర్వకంగా అడగండి, డెమరేజి బాధ కొంత తగ్గుతుంది. ముప్ఫై రోజుల్లో విడిపించుకోని సరుకును సెక్షన్ 48 కింద నోటీసిచ్చి అమ్మేసే అధికారం రేవువాళ్లకు ఉంది, కాబట్టి ఇంటికి వచ్చే ప్రతి కవరూ విప్పి చదవండి. తిరిగి విదేశానికి పంపేసే దారి కూడా అడిగి చూడవచ్చు.

ఇంజినీరు గారి పడవను విమోచన జరిమానా మీద వదిలారు. జరిమానా, పెనాల్టీ, సుంకం, యార్డు అద్దె కలిపితే పడవ ధర దాటిపోయింది. అప్పీలు వేశాం, వేయడానికే వివాదంలో ఉన్న పెనాల్టీలో 7.5 శాతం ముందు కట్టాం. ఏజెంటు మాత్రం తన ఫీజు ముందే తీసుకున్నాడు.