కోటిలింగాల: పురాతన స్థలమును చట్టము కాపాడు విధము



మన ముస్తాబాదునకు ఈశాన్యదిశను, జగిత్యాల జిల్లాలో, గోదావరీ దక్షిణతీరమున కోటిలింగాల యను గ్రామము గలదు. స్నానార్థమై పోవువారు కోటేశ్వరస్వామి యాలయమును దర్శించి మరలుదురు. అచటి మట్టిదిబ్బలను పరికించువారు అరుదు. అయినను రెండువేల యేండ్లకు పూర్వము ఆ దిబ్బలున్నచోట మట్టికోటతో గూడిన పట్టణము వర్ధిల్లుచుండెను. ఇట్టి స్థలమును ప్రభుత్వము ఏ రీతిని కాపాడును? కాపాడుటకు ముందు పరిశీలన మేల? ఈ పాఠమున విచారింతము.

1. స్థలము

ఆంధ్రప్రదేశ్ పురావస్తు శాఖవారు 1970ల తుదిభాగమునుండి అచట త్రవ్వకములు జరిపిరి. కోటగోడ, ఇటుక కట్టడములు, బావులు, నాణెములు బయల్పడెను. శ్రీ పి. వి. పరబ్రహ్మశాస్త్రిగారు ఈ నాణెములను పరిశీలించి ప్రకటించిరి. వానిలో గోబద, నారన, కంవాయ, సమగోప యను రాజుల పేర్లుండెను. ఛిముక శాతవాహనుని పేరును గన్పట్టెను. పురాణములు ఆ వంశమునకు మూలపురుషునిగా జెప్పు రాజితడేయని పలువురు పండితుల మతము. శాతవాహనుల తొలినివాసము తెలంగాణమా, మహారాష్ట్రమా యను చర్చకు ఈ నాణెములు ముఖ్యాధారములైనవి.

ఇచట నొక సంగతి గమనింపుడు. నాణెము వర్తకునివెంట ఎంత దూరమైనను పోగలదు. కావున నాణె మొక్కటియే చాలదు. అది ఏ మట్టిపొరలో, ఏ కుండపెంకులతో, ఏ యిటుకలచెంత దొరకెనో తెలియవలయును. పొర చెదరినయెడల నాణెము మిగులును గాని దాని సాక్ష్యము నశించును.

2. చట్టము

మన దేశమున "జాతీయోద్యానము" అనునది 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి మృగపక్షుల రక్షణకై యేర్పడునది. చారిత్రక స్థలములకు వేఱు మార్గము గలదు. 1958 నాటి ప్రాచీన కట్టడముల, పురావస్తు స్థలముల చట్టము ప్రకారము కేంద్రప్రభుత్వము ఒక స్థలమును జాతీయ ప్రాముఖ్యము గలదిగా ప్రకటింపవచ్చును. అయితే ముందుగా రెండు నెలల గడువుతో గెజిటులో ప్రకటన వేసి, ఆ స్థలముచెంత దాని ప్రతి నంటింపవలయును. సంబంధము గలవా రెవరైనను ఆక్షేపణ దెలుపవచ్చును. వానిని విచారించిన పిమ్మటనే తుది ప్రకటన. 2010 నాటి సవరణ ప్రకారము అట్టి స్థలమునకు 100 మీటర్లలోపల క్రొత్త కట్టడములు నిషిద్ధములు. ఆపై 200 మీటర్లలో అనుమతి యావశ్యకము. రాష్ట్రరక్షణకై తెలంగాణ వారసత్వ చట్టము 2017లో వచ్చినది.

అమెరికాలో జార్జియా రాష్ట్రమున ఓక్మల్గీ యను ఆదివాసుల మట్టిదిబ్బలున్నవి. 2019లో చేయబడిన చట్టము ఆ స్థలమునకు జాతీయ చారిత్రకోద్యానమను పేరిచ్చి, సరిహద్దులను విస్తరించి, దానిచెంతనున్న నదీప్రాంతమును ప్రత్యేకముగా పరిశీలింప నాజ్ఞాపించెను. అట్టి పరిశీలనలో అడుగు ప్రశ్నలు ముఖ్యముగా మూడు: ఆ స్థలము దేశమంతటికిని ముఖ్యమైనదా? అట్టిది ఇదివఱకే మఱియొకచోట రక్షింపబడియున్నదా? దానిని పోషించుట సాధ్యమా?

3. నీరును నేలయు

పరిశీలనకు కాలము కావలయును. నీరు కాలము నీయదు. నాగార్జునసాగరమునకు 1955లో శంకుస్థాపన జరిగెను. లోయ మునుగునని యెఱిగి, 1954 మొదలు 1960 వఱకు శ్రీ ఆర్. సుబ్రహ్మణ్యంగారి యాధ్వర్యమున విస్తారముగా త్రవ్వకములు సాగెను. ముఖ్య కట్టడములను కొండమీదను, అనుపువద్దను తిరిగి నిర్మించిరి. కోటిలింగాలకు దిగువను సుమారు 20 టి.యం.సి.ల శ్రీపాద ఎల్లంపల్లి జలాశయము వెలసినది. దాని వెనుకజలములు ఆ తీరమును దాకినవి. త్రవ్వని భూమి యింకను మిగిలియున్నది.

రైతునకు నీరు ప్రాణము. తన భూమిపై నిషేధము వచ్చునన్న భయమును న్యాయమైనదే. కావుననే చట్టము ముందు విచారణ, పిమ్మట ప్రకటన యని క్రమ మేర్పఱచినది. విచారణ త్వరగా జరిగినచో చరిత్రకును రైతునకును మేలు. ఆలసించినచో ఇరువురికిని నష్టము.

4. మన విధి

రాజ్యాంగములోని 51-ఎ అధికరణము మన మిశ్రమ సంస్కృతీ వారసత్వమును కాపాడుట పౌరుల విధి యని చెప్పుచున్నది. దుక్కిలో పాత నాణెమో, పెద్ద యిటుకయో కనబడినచో దానిని తోమకుడు, అమ్మకుడు. దొరకిన చోటును గుర్తించి ఉపాధ్యాయులకు దెలుపుడు. వారు పురావస్తు శాఖకు వ్రాయుదురు. తల్లిదండ్రులును పాతదిబ్బల మట్టిని బండ్లతో తోలుకొనిపోవుటను మాన్పింపవలయునని మనవి.

ప్రశ్నలు

1. ఒక్క నాణెము సాక్ష్యమునకు ఏల చాలదు?
2. తుది ప్రకటనకు ముందు రెండు నెలల గడువు ఎవరి మేలుకొఱకు?
3. మీ యూరి పాతదిబ్బకు పై మూడు ప్రశ్నలను వేసి, సమాధానములను పెద్దల నడిగి వ్రాయుడు.