గల్ఫ్ సంపాదన, ఇక్కడి రిటర్న్

చొప్పదండి నుంచి దుబాయ్ పోయిన కార్మికుడి జీతంపై మన దేశంలో పన్ను ఉంటుందా? పోటీ పరీక్షల్లో అభ్యర్థులు తడబడేది ఇక్కడే. పన్నుకు పాస్‌పోర్టు కాదు, రోజుల లెక్క ముఖ్యం. ఉద్యోగానికి వెళ్లిన భారత పౌరుడు ఆర్థిక సంవత్సరంలో 182 రోజులకన్నా తక్కువ ఇక్కడుంటే సాధారణంగా నాన్ రెసిడెంట్. అక్కడి పనికి అక్కడే అందే జీతంపై ఇక్కడ పన్ను లేదు.

ఇక్కడి ఆదాయం వేరు. విదేశీ సంపాదన దాచే ఎన్‌ఆర్‌ఈ ఖాతా వడ్డీకి మినహాయింపు ఉంది. ఇక్కడి ఆదాయం జమయ్యే ఎన్‌ఆర్‌ఓ ఖాతా వడ్డీపై మాత్రం బ్యాంకు 30 శాతం, దానిపై 4 శాతం సెస్సు కోస్తుంది. అంటే ₹10,000 వడ్డీలో ₹3,120 పోతుంది. మొత్తం ఆదాయం పన్ను పరిమితి లోపే ఉన్నా ఆ సొమ్ము వెనక్కి రావాలంటే రిటర్న్ వేయాల్సిందే. ఎండలో ఇనుము మోసి దాచుకున్న పైసలవి, వదులుకోవద్దు.

రిటర్న్ ఫారాల్లో ఐటీఆర్-1 నాన్ రెసిడెంట్లకు చెల్లదు. జీతం, వడ్డీ, అద్దె ఉన్నవారికి ఐటీఆర్-2. 1961 చట్టం సెక్షన్ 87ఏ కింది రిబేటు రెసిడెంట్లకే. ₹12 లక్షల వరకు పన్ను లేదన్న మాట వీరికి వర్తించదు. బిట్ ప్రశ్నకు ఇది బాగా పనికొస్తుంది. రిటర్న్ వేశాక 30 రోజుల్లో ధ్రువీకరించాలి. ఆధార్ ఓటీపీతో ధ్రువీకరిస్తే అది ఆధార్‌కు ముడిపడ్డ నంబరుకే వస్తుంది, ఆ సిమ్ ఇంట్లో అమ్మ ఫోన్‌లో ఉంటే ముందే చెప్పిపెట్టాలి.

మరో బిట్: 1961 చట్టం స్థానంలో ఆదాయపు పన్ను చట్టం, 2025 అమల్లోకి వచ్చిన తేదీ: 2026 ఏప్రిల్ 1.