అప్‌గ్రేడ్ అయింది, నెట్ ఎటు పోయింది?

రెజ్యూమెలో ‘లైనక్స్ వచ్చు’ అని రాసుకున్న కుర్రాణ్ని ఇంటర్వ్యూలో ఒక్క ప్రశ్నతో తేల్చేయవచ్చు. రాత్రి సర్వర్ అప్‌గ్రేడ్ చేశారు, తెల్లారేసరికి వర్చువల్ మెషీన్లకు నెట్ లేదు, ముందు ఏం చూస్తావు? ‘రీస్టార్ట్ చేస్తానండి’ అంటే ఇంటర్వ్యూ అయిపోయినట్టే. ‘ఐపీ లింక్ కమాండ్ కొట్టి ఇంటర్‌ఫేస్ పేరు చూస్తానండి’ అన్నవాడికి రెండో ప్రశ్న పడుతుంది.

పేరే ఎందుకంటే, ఒకప్పుడు లైనక్స్‌లో మొదటి నెట్‌వర్క్ కార్డు ఈటీహెచ్0. రెండు కార్డులుంటే బూట్ అయినప్పుడు ఒక్కోసారి పేర్లు తారుమారయ్యేవి. 2013లో, లైనక్స్ బూట్‌నూ సర్వీసులనూ చూసుకునే సిస్టమ్‌డీ 197వ వెర్షన్, కార్డు ఏ స్లాట్‌లో ఉందో దాన్నిబట్టి పేరు పెట్టడం మొదలుపెట్టింది. వర్చువల్ మెషీన్లు నడిపే వర్చువల్‌బాక్స్‌లో ఆ పేరు మామూలుగా ఈఎన్‌పీ0ఎస్3. అప్‌గ్రేడ్‌లో పేరు మారిందా, పాత పేరుతో రాసిన సెట్టింగ్ ఫైలు ఎవరికీ పట్టకుండా పడి ఉంటుంది. రెడ్ హ్యాట్ లైనక్స్ 7ను 8కి మార్చే లీప్ అనే టూల్ అయితే, ఈటీహెచ్ పేర్లతో ఒకటికి మించి కార్డులు కనబడగానే అప్‌గ్రేడ్‌నే ఆపేస్తుంది.

పేరు చూశాక, వర్చువల్ మెషీన్లను అసలు కార్డుకు కలిపే బ్రిడ్జి చూడాలి. అది కొల్లేరు సరస్సు లాంటిది. కొల్లేట్లోకి బుడమేరు, తమ్మిలేరు వచ్చి కలుస్తాయి. సముద్రానికి దారి మాత్రం ఉప్పుటేరు ఒక్కటే. అది పూడితే ఏమవుతుందో కైకలూరు వాళ్లకు చెప్పక్కర్లేదు. బ్రిడ్జి మీద ఎన్ని మెషీన్లున్నా బయటికి పోవాల్సింది అసలు కార్డు గుండానే. బ్రిడ్జి సెట్టింగ్‌లో ఆ కార్డు పాత పేరే ఉండిపోతే, మెషీన్లు తమలో తాము పింగ్ చేసుకుంటాయి, గడప దాటి ఒక్క ప్యాకెట్ పోదు. తప్పు ఎక్కడుందో ఆ లక్షణమే చెప్పేస్తుంది.

ఒక్కోసారి నేరం ఆపరేటింగ్ సిస్టమ్‌ది కాదు, దాంతోపాటు మారిన సాఫ్ట్‌వేర్‌ది. 2021 అక్టోబరులో వచ్చిన వర్చువల్‌బాక్స్ 6.1.28, లైనక్స్, మ్యాక్‌లలో హోస్ట్-ఓన్లీ (వర్చువల్ మెషీన్లకూ అవి నడిచే కంప్యూటర్‌కూ మధ్యే ఉండే నెట్‌వర్క్) అడ్రసులను 192.168.56.0/21 పరిధికి కట్టేసింది. 10తో మొదలయ్యే అడ్రసు వాడుతున్నవాళ్లకు ఎర్రర్ వచ్చింది. కావాల్సిన పరిధిని నెట్‌వర్క్స్.కాన్ఫ్ ఫైల్లో రాస్తే చాలు.

ఇవన్నీ నేర్చుకోవడానికి తాడేపల్లిగూడెం నిట్‌లోనే సీటు రానక్కర్లేదు. ఏలూరులో అద్దె గది, ఓ మోస్తరు ల్యాప్‌టాప్, ఉచిత ఉబుంటు సరిపోతాయి. స్నాప్‌షాట్ తీసుకుని, కావాలనే చెడగొట్టి, బాగుచేసి, ఏ కమాండ్‌కు ఏం కనబడిందో నోట్‌బుక్‌లో రాసుకోవాలి. ఈ సాధనే రెడ్ హ్యాట్ సర్టిఫికెట్ పరీక్ష ఆర్‌హెచ్‌సీఎస్ఏకూ పనికొస్తుంది. అందులో బిట్లు ఉండవు, నడుస్తున్న సిస్టమ్ మీద పని చేయిస్తారు. రీబూట్ చేశాక నిలబడని సెట్టింగుకు అక్కడ మార్కులు పడవు.