రోగి మాట – వైద్యుని లెక్క
దీర్ఘకాలిక నిస్సత్తువ వ్యాధిని గూర్చిన వివాదము

అలసట శరీరమునకు సహజము. పగలెల్ల నాట్లు వేసి వచ్చిన కూలి మనిషి రాత్రి నిద్రించి తెల్లవారునప్పటికి తేరుకొనును. విశ్రమించినచో తీరునది అలసట. ఎంత విశ్రమించినను తీరక, నెలల తరబడి, ఏండ్ల తరబడి మనుష్యుని మంచమునకు గట్టివైచు నిస్సత్తువ మరియొకటి కలదు. అది వ్యాధి. అమెరికా వైద్యులు 1988లో దీనికి క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్ అని పేరిడిరి. ఈ పేరు రోగులకు గిట్టదు. అలసట యను మాట చెవిని బడగానే ఎదుటివారు "మాకు మాత్రము లేదా?" యందురు. క్షయరోగమును "పాత దగ్గు" అని పిలిచినచో ఎట్లుండునో ఇదియు నట్లే యున్నది.

ఈ వ్యాధికి ముఖ్యలక్షణము శ్రమానంతర క్షీణత. శ్రమించిన నాడు రోగి బాగుగనే కనబడవచ్చును. మరునాడో, మూడవనాడో కుప్పగూలును. అందులకు పెద్ద శ్రమయే యక్కరలేదు. స్నానము, ఒక గంట చదువు, చుట్టము వచ్చి మాటలాడుట, ఇంతమాత్రము చాలును. నిద్రించినను తెరపి యుండదు, జ్ఞాపకము మసకబారును, నిలుచుండగనే తల తిరుగును. వ్యాధి యిదియేయని తేల్చు రక్తపరీక్ష యేదియు నింతవరకు రాలేదు. కావున వైద్యుని యెదుట నుండు సాక్ష్యము చాలవరకు రోగి నోటి మాటయే. ఆ మాటను నమ్మవలెనా, వలదా? తగవంతయు నిచ్చటనే పుట్టినది.

1955లో లండను నగరమందలి రాయల్ ఫ్రీ ఆసుపత్రిలో దాదాపు 300 మంది సిబ్బంది ఇట్టి జబ్బుతో పడిపోగా, ఆసుపత్రిని కొన్ని వారములు మూసివేయవలసి వచ్చెను. పదునైదేండ్ల తరువాత, 1970లో, ఇద్దరు మానసిక వైద్యులు ఆనాటి కాగితములను తిరుగవేసి, అది సామూహిక హిస్టీరియా యని వ్రాసిరి. జబ్బుపడినవారిలో స్త్రీలే యెక్కువగా నుండుట వారు చూపిన కారణములలో నొకటి. జబ్బుపడినవారిని పిలిచి యడుగలేదు. ఈ ముద్ర చిరకాలము చెరగలేదు.

తరువాతి ఘట్టము 2011 నాటిది. బ్రిటనులో 641 మంది రోగులపై పేస్ అను పరిశోధన జరిపి, దినదినమును వ్యాయామమును కొంచెము కొంచెముగ పెంచుకొనుటయు, ఆలోచనా సరళిని మార్చు చికిత్సయు మేలుచేయునని ప్రకటించిరి. "ఇది చేయబోయి మేము నడకయే కోల్పోయితిమి" అని యనేకులు మొరపెట్టుకొనిరి. అంతటితో నూరకుండక, రోగులే కూర్చుండి ఆ లెక్కలను విప్పిచూచిరి. వారు కనిపెట్టినది మా విద్యార్థులకు సులభముగ బోధపడును. శరీరశక్తికి 0 నుండి 100 వరకు మార్కుల పట్టిక కలదు. 65గాని అంతకు తక్కువగాని వచ్చినవారినే రోగులుగ నెంచి చేర్చుకొనిరి. కోలుకొనిరనుటకు మొదట విధించిన కొలతలలో ఈ పట్టిక యందు 85 రావలెననునది యొకటి. పిదప దానిని 60కి దించిరి. అనగా 65తో చేరినవాడు 60కి దిగజారినను ఈ యొక్క కొలత మట్టుకు ఉత్తీర్ణుడే! ఏ పాఠశాలలోనైన నిట్లు చేసినచో తల్లిదండ్రు లూరకుందురా?

మూలపు అంకెల నిమ్మని ఆస్ట్రేలియాలోని యొక రోగి యర్జీ పెట్టెను. విశ్వవిద్యాలయము నిరాకరించెను. 2016లో న్యాయస్థానము ఇచ్చి తీరవలసినదేయని తీర్పు చెప్పెను. మొదటి కొలతల ప్రకారము లెక్కింపగా, కోలుకొన్నవారు బహు తక్కువయనియు, చికిత్సల నడుమ చెప్పుకోదగిన భేదము లేదనియు తేలెను. పరిశోధకులు తమ నిర్ణయమునే సమర్థించుకొనిరి. 2021లో బ్రిటిషు ప్రభుత్వ వైద్య మార్గదర్శక సంస్థ, తాను 2007లో సిఫారసు చేసిన ఆ వ్యాయామ పద్ధతిని విడనాడెను. కొన్ని వైద్య సంఘములకు అది నేటికిని సమ్మతము గాదు.

రోగు లెల్లప్పుడును ఒప్పే చెప్పుదురని మా వాదము గాదు. 2009లో ఒక వైరసే దీనికి కారణమని శాస్త్ర పత్రికలో వార్త రాగా ఎందరో రోగులు ఆశపడిరి; కొందరు ఘాటైన మందులు సైతము మ్రింగిరి. పరీక్షశాలలోని కల్మషమే పొరపాటునకు మూలమని తేలి, 2011లో ఆ వ్యాసమును ఉపసంహరించిరి.

మన చెన్నపట్టణమున దీనికి విలోమమైన కథ యొకటి జరిగినది. క్షయరోగికి శానిటోరియము, పూర్ణ విశ్రాంతి, పుష్టికరమైన ఆహారము లేనిదే బ్రదుకు లేదని పూర్వము వైద్యుల నమ్మిక. బీదవాడు ఏడాదిపాటు ఇల్లు విడిచిన యెడల పిల్లలకు అన్న మెవరు పెట్టుదురు? 1956లో చేట్‌పట్‌లో నెలకొల్పిన క్షయ చికిత్సా పరిశోధన కేంద్రము ఆ బీదవాని యిక్కట్టునే ప్రశ్నగా గైకొని, 193 మంది రోగులను రెండు జట్లుగ చేసి, ఒక జట్టుకు ఇంటివద్దను, ఒక జట్టుకు శానిటోరియమునందును ఒకే మందులిచ్చి చూచెను. ఏడాది చివర శానిటోరియము వారిలో నూటికి 92 మందికిని, ఇంటివారిలో 86 మందికిని వ్యాధి యణగెను. ఇంట నున్నవారికి విశ్రాంతియు తక్కువ, తిండియు తక్కువ. అయినను ఫలితము దాదాపు సమానమే. అచట వైద్యులు విశ్రాంతి యన్నచో శ్రమ హాని చేయలేదు. ఇచట శ్రమ యన్నచో రోగులు హాని యనుచున్నారు. ఒక రోగమున నేర్చిన సూత్రమును మరియొక రోగమునకు తగిలించుట చెల్లదు.

ఇదియంతయు సీమలోని తగవు, మనకేల యనవచ్చును. ఆస్ట్రేలియాలోని డబ్బో ప్రాంతమున మూడు విధముల జ్వరములు వచ్చిన 253 మందిని వెంబడించి చూడగా, ఆరు నెలల పిమ్మట నూటికి 12 మంది నిస్సత్తువలోనే యుండిరి. తొలి జ్వరపు తీవ్రతయే దీనికి సూచకమైనది, మనస్తత్వము గాదు. ఆ మూడింటిలో నొకటి రాస్ రివర్ జ్వరము. దోమ కాటుచే వచ్చునది, 2006లో మన ప్రాంతములను కుదిపిన చికున్‌గున్యాకు దాయాది. ఇక 2020 తరువాత కోవిడ్ తగ్గియు సత్తువ రానివారు ప్రతి దేశమునను కలరు.

మన తెలుగువారికి ఇందు మరియొక చిక్కు కలదు. ఆసుపత్రిలో మన ముసలివారు "ఒళ్ళు తూలుతోంది", "కాళ్ళు పీకుతున్నాయి", "పానం నిలవటం లేదు" అని మూడు వేర్వేరు బాధలు చెప్పుకొందురు. వ్రాయువారు అరవమునందో ఆంగ్లమునందో "బలహీనత" యని యొకే మాట వ్రాసికొందురు. గుమ్మిడిపూండి కర్మాగారములలో దినకూలి చేయువారు "ఇంకను జ్వరమున్నదా?" యను ప్రశ్నకు లేదని చెప్పి పనిలోనికి దిగుదురు. మూడవనాటి కూలిక ఏ కాగితమునను ఎక్కదు.

జ్వరము పడి లేచిన బాలబాలికలను, ఒళ్ళు కదిలినచో బలము వచ్చునని వెంటనే డ్రిల్లునకు పంపవలదని మా ఉపాధ్యాయులకు చెప్పియున్నాము. బడికి వచ్చిన నాటి ముఖమును గాక, మరునాటి ముఖమును చూడుమనుచున్నాము. తల్లిదండ్రులు ఒక చిన్న నోటు పుస్తకమున, పిల్లవాడు నిన్న నేమి చేసెను, నేడెట్లున్నాడు అని దినమున కొక పంక్తి వ్రాసి వైద్యునకు చూపవలెను. అది తెలుగున వ్రాసినను చాలును. చదివి చెప్పుటకు మేమెవరమైనను వెంట వత్తుము.