వెఱ్ఱికుక్క కాటు – రైతులు గమనింపవలసిన విషయములు

కల్లమును కాచు కుక్కయు, గాదెల యొద్ద నెలుకలను పట్టు పిల్లియు రైతునకు మిక్కిలి ఉపకారులు. అయినను వీనికి వెఱ్ఱివ్యాధి సోకినచో ఇంటిల్లిపాదికిని, పశువులకును ప్రాణాపాయము కలుగును.

గుర్తులు: సాధువైన కుక్క నిష్కారణముగా కఱవవచ్చును, లేక చీకటి మూలల దాగును. దాని గొంతు మాఱును. క్రింది దవడ వ్రేలాడి చొంగ కారును. పిదప కాళ్లు పడిపోయి కొలది దినములలో చచ్చును. గొంతులో ఎముక తగులుకొన్నదని భ్రమించి నోట చేయి పెట్టరాదు. నీరు త్రాగినంతమాత్రమున వెఱ్ఱి లేదని నమ్మరాదు.

కఱచినప్పుడు: గాయమును వెంటనే సబ్బుతోను, ధారగా పోయు నీటితోను 15 నిమిషములు కడుగవలెను. సున్నము, కారము, ఆకుపసరు పూయరాదు. మంత్రములకై కాలము వృథాచేయక నాడే ఆసుపత్రికి పోయి టీకాలు మొదలిడి, వైద్యుడు చెప్పిన దినములన్నిటను తప్పక వేయించుకొనవలెను. కఱచిన కుక్కను 10 దినములు కట్టివైచి కనిపెట్టుచుండవలెను. అందుకై టీకాను మాత్రము ఆపరాదు. వ్యాధి పొడసూపిన పిమ్మట మనుష్యుడు బ్రతుకుట మిక్కిలి అరుదు.

నివారణ: 1885వ సంవత్సరమున పారిసు నగరమందు పాశ్చరు పండితుడు వెఱ్ఱికుక్క కఱచిన బాలునికి టీకా వేయించి కాపాడెను. నేడు కుక్కలకును, పిల్లులకును గూడ టీకా కలదు. మూడవ నెల నిండగనే వేయించి, పిదప పశువైద్యుడు చెప్పిన గడువున మరల వేయించవలెను. కాటుపడిన ఎద్దును, గేదెను సైతము అతనికి చూపవలెను.

రైతులారా! ఒక్క టీకా ఒక కుటుంబమును కాపాడును.