ఇంటర్నెట్టు గురువుల వద్ద చిత్రలేఖనాభ్యాసము

చిత్రలేఖనము పుట్టుకతో రావలసిన విద్య యనియు, గురువు ఎదుట లేనిదే అబ్బదనియు మన గ్రామములలో ఒక నమ్మకము కలదు. గురువు కావలసినమాట నిజమే. కాని ఆయన మన ఊరనే ఉండనక్కరలేదు. నేడు సెల్‌ఫోను ద్వారా ఉచితముగా పాఠములు చెప్పు చిత్రకళోపాధ్యాయులు పెక్కుమంది కలరు.

దీనితో పంచాయతీ సభ్యులకేమి పని యని కొందరడుగవచ్చును. మురుగు కాలువకైనను, పాఠశాల గదికైనను ఇంజనీరు గీచి తెచ్చిన పటమును చూచియే మనము తీర్మానము చేయుచున్నాము. కాలువ వాలు ఎటున్నదో పటములో పోల్చుకొనలేనిచో, కట్టిన పిమ్మట నీరు ఎవరి వాకిటనో నిలుచును. స్వయముగా గీయ నేర్చినవాడు ఇతరులు గీచిన గీతలను చదువగలడు.

మొదట గీత నేర్వవలెను. ‘డ్రాఅబాక్స్’ అను ఉచిత పాఠక్రమము ఇంగ్లీషులో కలదు. దాని మొదటి పాఠము సరళరేఖలు, కోలవృత్తములు, పెట్టెలు. రెండు చుక్కలు పెట్టి, కాగితమును తాకక చేతిని వాటి మీదుగా ఒకటి రెండుమార్లు ఆడించి, పిమ్మట ఒక్క ఊపున గీత లాగవలెను. కదలిక మణికట్టు నుండి కాక భుజము నుండి రావలెను. చుక్కలు పెట్టి, తడబడక ముగ్గు కలుపు మన స్త్రీలకు ఈ విద్యలో సగము ముందే తెలియును. తరువాత 250 పెట్టెలు గీయుమని ఆ గురువులు చెప్పుదురు. ఇల్లు, నీళ్ల తొట్టి, బడి గది అన్నియు పెట్టెలే కదా! అభ్యాసకాలములో సగము తమకిష్టమైన బొమ్మలు గీచుకొనుటకే కేటాయింపవలెనని కూడ వారి నియమము.

రెండవది చూపు. అమెరికా దేశపు ఉపాధ్యాయుడు కిమోన్ నికొలైడీస్ బోధనలు 1941లో గ్రంథముగా వెలువడినవి. వస్తువు అంచు వెంబడి చూపును మెల్లగా నడపుచు, కాగితము వంక చూడక గీయుమని ఆయన చెప్పెను. బొమ్మ వంకరగా వచ్చినను చింతలేదు. కన్ను నిజముగా చూచుటకు అలవాటుపడును.

ఇంటర్నెట్టు గురువుతో ఒక చిక్కు కలదు. ఆయన మన చేతిని చూడలేడు. పాఠము చూచుటయే నేర్చుటయని భ్రమపడరాదు. పది నిమిషములు చూచి, ఫోను ప్రక్కన పెట్టి, ఇరువది నిమిషములు గీయవలెను. దినమునకొక గురువును మార్చరాదు. ప్రతి కాగితముపై తేదీ వేసి దాచి, నెలకొకమారు పోల్చి చూచుకొనవలెను. పెన్సిలు, ఒకవైపు వాడిన కాగితములు చాలును.

1992 నాటి 73వ రాజ్యాంగ సవరణ చట్టముతో చేర్చిన పదునొకండవ షెడ్యూలులో గ్రంథాలయములు, సాంస్కృతిక కార్యక్రమములు పంచాయతీల విషయములుగా పేర్కొనబడినవి. స్వంత ఫోను లేని పిల్లలు, ముఖ్యముగా ఆడపిల్లలు, ఈ విద్యకు దూరము కాకూడదు. గ్రంథాలయములో వారమునకొక సాయంకాలము ఒక తెరపై పాఠము చూపి, అందరును కలసి గీచి, ఒకరి తప్పు నొకరు దిద్దుకొను ఏర్పాటు చేయుదము.

మనమును వారి ప్రక్కన కూర్చుందము. మొదటి నెల చివర ప్రతి సభ్యుడును తన వీధి పటమును గీయవలెను: ఇండ్లు, బోరు, కాలువ, నీరు పారు దిక్కు. ఆ పటములను గ్రామసభలో పరచినచో, ఎక్కడ ఏ పని కావలెనో అందరును వ్రేలు పెట్టి చూపగలరు.