దెబ్బతిన్న కణానికి మన ఒంట్లోనే ఉన్న రక్షణ

పక్షవాతం వచ్చి మెదడులో రక్తనాళం మూసుకుపోతే అక్కడి కణాలన్నీ ఒకేసారి చనిపోవు. రక్తం పూర్తిగా ఆగిన నడిమి భాగం నిమిషాల్లో పోతుంది. దాని చుట్టూ ఉన్న కణాలు కొన్ని గంటలపాటు కొనఊపిరితో ఉంటాయి. వాటిలో చాలా కణాలు, దెబ్బ తర్వాత తమలోనే మొదలయ్యే ఒక క్రమం వల్ల చనిపోతాయి.

ఆ క్రమం ఇలా సాగుతుంది. కణానికి శక్తినిచ్చేవి మైటోకాండ్రియాలు. కణం తీవ్రంగా దెబ్బతింటే బాక్స్ అనే ప్రోటీన్ వాటి పైపొరకు చేరి రంధ్రాలు చేస్తుంది. లోపలి పదార్థాలు బయటికి వచ్చి, కణాన్ని ముక్కలు చేసే ఎంజైములను మేల్కొలుపుతాయి.

దీనికి అడ్డుపడే పదార్థం మన శరీరంలోనే ఉంది. దాని పేరు హ్యూమనిన్. టోక్యోలోని కెయో విశ్వవిద్యాలయంలో ఇకువో నిషిమోతో బృందం అల్జీమర్స్ రోగి మెదడు వెనుక భాగం నుంచి తీసిన జన్యుపదార్థంలో దీన్ని గుర్తించి 2001లో ప్రకటించింది. పెప్టైడ్ అంటే అమైనో ఆమ్లాల చిన్న గొలుసు. ఇన్సులిన్‌లో 51 అమైనో ఆమ్లాలుంటే, హ్యూమనిన్‌లో ఉన్నవి 24 మాత్రమే. ఇది బాక్స్‌ను పట్టుకుని మైటోకాండ్రియాల వైపు పోనివ్వదని 2003లో మరో పరిశోధన చూపింది. 14వ అమైనో ఆమ్లాన్ని మార్చి తయారుచేసిన రూపం దాదాపు 1000 రెట్లు బలమైనది. మెదడు, గుండె రక్తనాళాలను కాసేపు మూసి తెరిచిన ఎలుకల్లో అది నష్టాన్ని తగ్గించింది.

అయితే మనుషులకు ఇది ఇంకా మందుగా రాలేదు. కణాలను చావనివ్వని పదార్థం క్యాన్సర్ కణాలకూ బలమిస్తుందేమో తేల్చుకోవాలి. కాబట్టి హ్యూమనిన్ పేరుతో ఎవరైనా మందు అమ్మజూపితే నమ్మవద్దు.

ఈలోగా ఆ కొనఊపిరి కణాలను కాపాడేది సమయమే. పెద్ద రక్తనాళం మూసుకుంటే సగటున నిమిషానికి 19 లక్షల నాడీకణాలు నశిస్తాయి. గడ్డను కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. అంతకు ముందే స్కానింగ్ తీసి, మెదడులో రక్తస్రావం లేదని చూడాలి. మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా వెంటనే 108కి ఫోన్ చేయాలి. పొద్దున చూద్దాంలే అనుకోకూడదు.

పేద ఇంట్లో ఈ గంటలు తరచు డబ్బు సర్దుకోవడంలోనే గడిచిపోతాయి. దాతలు స్కానింగుకు, వాహనానికి ముందుగానే ఏర్పాటు చేసి ఉంచిన సొమ్ము ఆ గంటలను మిగులుస్తుంది. ఆ మిగిలిన గంటల్లోనే ఒకరి మాట, ఒకరి నడక దక్కవచ్చు.